మేస్త్రి తీసెయ్యమన్న లైను

పళ్ళ మేస్త్రికి యాభై ఎనిమిదేళ్ళు. నోట్లో ముప్ఫై రెండూ సొంత పళ్ళే. కోపం వచ్చినప్పుడు నూరుకోవడానికి బాగా పనికొస్తాయి, ఆ కోపం కూడా రోజుకి నాలుగైదు సార్లు తప్పకుండా వస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా అతను చేసే పని ఇతరుల నోళ్ళకి పళ్ళు కట్టడం. పళ్ళ డాక్టర్లు దవడ అచ్చు తీసి పంపిస్తారు. మేస్త్రి అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక బయటికి తీసి, దానిమీద మైనం పరిచి, ఒక్కో పన్నూ అమర్చి, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి సెట్టు వెనక్కి పంపిస్తాడు. ఆ పళ్ళు పెట్టుకునే మనిషి మొహం మాత్రం ఎప్పుడూ చూడడు. చూడాలని కూడా ఉండదు. మనుషుల్లో అతనికి నచ్చే భాగం దవడ ఒక్కటే, అది కూడా ప్లాస్టర్‌లో ఉన్నప్పుడు, మాట్లాడదు కాబట్టి.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అచ్చులో ఎక్కడైనా చిన్న గాలిబుడగ కనిపించిందా, అంతే, దాన్ని డాక్టరుకి తిప్పి పంపేస్తాడు. అందుకోసమే కట్టలు కట్టలు చీటీలు అచ్చేయించి పెట్టుకున్నాడు. వాటిమీద రెండే ముక్కలు ఉంటాయి: 'పనికిరాదు. మళ్ళీ తీసి పంపండి.' పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఆ చీటీ చూస్తే మొహం చిన్నబుచ్చుకునేవాళ్ళు. మేస్త్రికి అదొక సరదా. అవతలివాడు పెద్ద చదువు చదివినవాడైతే ఆ రోజు భోజనం ఇంకొంచెం ఎక్కువ తినేవాడు.

ఇంటి ముందుగదే అతని కార్ఖానా. వీధివైపు కిటికీ కింద పొడుగాటి బెంచీ, దానిమీద రెండు దీపాలు, రెండు మైనం కత్తులు, రెండు స్టూళ్ళు. రెండో స్టూలు కూతురిది. భార్య పోయేటప్పటికి పిల్లకి తొమ్మిదేళ్ళు. పిల్లని చూసుకోవడానికి మేస్త్రి అక్క తన ఇల్లు వదిలేసుకుని వచ్చింది. ఆమెకి ముందూ వెనకా ఎవరూ లేరు. వంటిల్లు, పిల్ల జడలు, పిల్ల జ్వరాలు అన్నీ ఆమెవి. పిల్లకి పని నేర్పడం మాత్రం మేస్త్రిది. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల పన్ను రంగు చూసి ఆ మనిషి వయసు చెప్పేది. ఇరవై దాటేసరికి తండ్రి కంటే బాగా అమర్చేది. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. ఒక్కసారి కూడా నోరు తెరిచి బాగుందని అనలేదు. బాగా లేనప్పుడు మాత్రం వీధి చివర దాకా వినపడేది.

దుకాణానికి ఇంటర్నెట్‌లో ఒక పేరు ఉండాలని పట్టుబట్టి డొమైన్ కొన్నది ఆ పిల్లే. ఆ పేరుమీద ఫోను నంబరు కనిపించే ఒక్క పేజీ, ఒక మెయిల్ చిరునామా కూడా పెట్టింది. పాస్‌వర్డు ఒక నోటుపుస్తకం చివరి అట్ట లోపల రాసిపెట్టింది. మేస్త్రి అప్పట్లో, "దవడకి ఇంటర్నెట్ ఎందుకే?" అని నవ్వాడు.

తర్వాత ఊరి రెండో చివర ఇంకో ల్యాబు వెలిసింది. అక్కడ పళ్ళని కంప్యూటర్‌లో గీసి మిషన్ మీద కోస్తారు. మనం కూడా ఆ పని నేర్చుకుందాం నాన్నా అని కూతురు రెండేళ్ళు పోరింది. మేస్త్రి రెండేళ్ళూ పళ్ళు ఇకిలించి నవ్వాడు. చివరికి ఆమె, నేనే వెళ్ళి అక్కడ చేరి నేర్చుకుంటాను అంది. ఆ రోజు పొద్దున్నుంచీ ఆమె అమర్చిన సెట్టు బెంచీ మీద ఉంది, మర్నాడు ఇవ్వాల్సినది. మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని, ఆమె చూస్తుండగా, మైనంలోంచి ఒక్కో పన్నూ పీకి డబ్బాలో వేశాడు. ఇరవై ఎనిమిది పళ్ళు. ఒక్కొక్కటీ టక్కుమని చప్పుడు చేసింది. ఆఖరిది పడ్డాక, "ఇంక వెళ్ళు" అన్నాడు.

వెళ్ళింది. మొదటి ఏడాది మూడు ఉత్తరాలు రాసింది. మేస్త్రి ఒక్కటి కూడా విప్పలేదు. కవరు మీద దుకాణం చీటీ అంటించి వెనక్కి పంపాడు: పనికిరాదు, మళ్ళీ తీసి పంపండి. మూడో ఉత్తరానికి మాత్రం చీటీ మీద రెండో ముక్క కొట్టేసి పంపాడు. ఆ కొట్టివేత స్కేలు పెట్టి మరీ గీశాడు. ఇలాంటి పనుల్లో అతనికి ఎక్కడలేని ఓపిక. ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు.

అక్క కొన్నాళ్ళు తల్లడిల్లిపోయింది. భోజనాల దగ్గర మూడో కంచం పెట్టేది. మేస్త్రి ఒకరోజు ఆ కంచం తీసి గోడకేసి కొట్టి, "దాని పేరు ఈ ఇంట్లో ఇంకోసారి వినపడిందంటే నువ్వు కూడా నీ పెట్టె సర్దుకోవచ్చు" అన్నాడు. పెట్టె సర్దుకుని పోవడానికి ఆమెకి చోటు లేదు. అది తెలిసే అన్నాడు. అప్పటినుంచి ఆమె నోరు కుట్టేసుకుంది. ఏడుపు కూడా లోపలే మింగేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె కూడా బండబారిపోయింది. ఎప్పుడైనా మాట కలిస్తే 'పోయినది' అనేది, పేరు మాత్రం ఎత్తేది కాదు. తమ్ముడు నేర్పిన పాఠం తమ్ముడికే అప్పజెప్పినట్టు, ఆ ఒక్క మాట ఎంత కటువుగా పలకాలో అంత కటువుగా పలికేది.

ఏడేళ్ళు ఇలా గడిచాయి. ఏడో ఏట డాక్టరమ్మ ఒకావిడ, మేస్త్రికి చాలా ఏళ్ళుగా పని ఇచ్చే మనిషి, సెట్టు తీసుకోవడానికి వచ్చి ఓ మాట చెప్పింది. ఆమె ఆ రెండో ల్యాబుకి కూడా పని ఇస్తుంది. "మీ అమ్మాయి చేతిపని చూశాను మేస్త్రిగారూ. మిషన్ కోసిన దాన్ని కూడా చేత్తో దిద్దందే బయటికి పంపదు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, మా నాన్న దగ్గర అంది. ఎవరడిగినా అదే చెబుతుందట." వెళ్ళేటప్పుడు ఆ ల్యాబు కార్డు ఒకటి బెంచీ మీద పెట్టి వెళ్ళింది. మేస్త్రి ఆ కార్డు వంక చూస్తూ కూర్చున్నాడు. గిన్నెలో కలిపిన ప్లాస్టర్ కలిపినట్టే రాయిలా గట్టిపడిపోయింది. అతను ఏడ్చాడని చెప్పను. ఏడ్చే రకం కాదు. కానీ ఆ గిన్నె బాగుచేయడానికి సుత్తి కావాల్సి వచ్చింది.

కార్డు మీద ల్యాబు ఫోను నంబరుంది, కూతురి మెయిల్ కూడా ఉంది. ఫోను చేస్తే గొంతు వినపడుతుంది. తనకి ఆమెది, ఆమెకి తనది, పక్కగదిలోని అక్కకి ఇద్దరిదీ. మెయిలైతే చప్పుడు చేయదు. పన్ను రంగుల ఫొటోలు చూసుకోవడానికి కార్ఖానాలో పాత కంప్యూటర్ ఒకటుంది. దానిమీద, నోటుపుస్తకం అట్టలోని పాస్‌వర్డుతో, దుకాణం చిరునామా నుంచే రాశాడు. అక్క బజారుకి వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెం, నాలుగు రోజులు. నాలుగు రోజుల కష్టానికి మిగిలింది ఇంత: 'బెంచీ ఖాళీగానే ఉంది. ఇష్టమైతే రా. రాకపోతే రాయి. నాన్న.'

జవాబు రాలేదు. రోజూ పొద్దున్నే ప్లాస్టర్ పోసి, అది గట్టిపడేలోపు మెయిల్ తెరిచి చూసుకునేవాడు. ఎవరెవరో అమ్మజూపే సరుకుల ప్రకటనలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. వారం, నెల, రెండు నెలలు. తను తిప్పి పంపిన మూడు కవర్లూ గుర్తొచ్చి తల కొట్టేసినట్టయ్యేది. అయినా చూడటం మానలేదు. ముసలితనానికి ముందు మనిషిలో ఇంత ఆశ పుట్టడం మంచిది కాదు, అది పిచ్చి పనులు చేయిస్తుంది.

వెబ్‌సైట్ అలాంటి పనే. డాక్టర్లకి అతను చెప్పిన కారణం, ఈ రోజుల్లో అందరూ సైటు చూసే పని ఇస్తున్నారని. మనసులో ఉన్న కారణం, కూతురు చూస్తుందని. తను కొన్న పేరు కింద ఒక మంచి సైటు కనిపిస్తే, నాన్న మారాడని ఆమెకి తెలుస్తుంది. డాక్టరమ్మే ఒక వెబ్‌సైట్ అమ్మాయిని పంపింది. ఆ అమ్మాయి కార్ఖానా అంతా ఫొటోలు తీసింది. ఖాళీ స్టూలుని పక్కకి జరపబోతే మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు.

"అది అలాగే ఉండనీ. ఫొటోలో పడాలి."

"ఖాళీగా బాగోదేమో అంకుల్."

"బాగోకపోయినా పడాలి."

అలాగే పడింది. సైటు తయారైంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి బెంచీ దగ్గర కూర్చుంది. ఆఖరి పని ఒకటి మిగిలిందంది.

"మీ పేరు కొన్నది ఒక కంపెనీ దగ్గర అంకుల్. ఇప్పుడు సైటు పెట్టింది ఇంకో కంపెనీ దగ్గర. ఎవరైనా మీ పేరు కొడితే ఏ కంప్యూటర్‌కి వెళ్ళాలో చెప్పే పట్టీ ఒకటుంటుంది. ఆ పట్టీ ఇన్నాళ్ళూ పాత కంపెనీ దగ్గరుంది. ఇప్పుడు కొత్త కంపెనీ పట్టీ చూడమని రాస్తాం. అంతే, పేరు ఇటు తిరుగుతుంది."

"ఇల్లు మారితే పోస్టాఫీసులో చెప్పినట్టు."

"కరెక్టుగా అంతే. కాకపోతే ప్రపంచంలో అందరికీ ఒకేసారి తెలియదు. కొందరికి గంటలో తెలుస్తుంది, కొందరికి రెండు రోజులు పడుతుంది."

మేస్త్రి నోటుపుస్తకం తెచ్చాడు. అట్ట మీది కూతురి రాత చూసి ఆ అమ్మాయి పాస్‌వర్డు కొట్టింది. పాత పట్టీ తెర మీదికి వచ్చింది. అప్పుడే అక్క చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కొత్తగా ఇంటికి ఎవరొచ్చినా ఆమె అలా వచ్చి చూడటం మామూలే. ఆ ఇంటికి వచ్చేవాళ్ళు అంత తక్కువ.

"ఇందులో మెయిల్ లైను కూడా ఒకటుంది అంకుల్," అంది ఆ అమ్మాయి. "కొత్త పట్టీలో అది లేదు. ఈ పేరుమీద మెయిల్ ఏమైనా వస్తుందా మీకు? వస్తుందంటే అది కూడా ఎక్కిస్తా, ఐదు నిమిషాల పని. వద్దంటే తీసేస్తా."

మేస్త్రి నోరు తెరిచాడు. ఈలోపు గుమ్మంలోంచి అక్క అంది:

"వాడికి ఎవరు రాస్తారమ్మా? రాయాల్సినది పోయిందిగా."

ఆ మాటలో ఎకసెక్కం ఎంతో, ఏడుపు ఎంతో మేస్త్రి ఆగి ఆలోచించలేదు. అతనికి వినపడింది ఒక్కటే. ఏడేళ్ళ కిందట ఇదే ఇంట్లో తను కంచం పగలగొట్టి అన్న మాట. ఇప్పుడు "వస్తుంది, ఉంచు" అంటే, ఎవరి దగ్గర్నుంచి అని అక్క అడుగుతుంది. చెప్పాలి. కూతురికి నేనే ముందు రాశాను, పదకొండు వారాలుగా జవాబు కోసం పొద్దున్నే కాచుకు కూర్చుంటున్నాను అని, తను నోరు కుట్టించిన మనిషి ముందు తనే చెప్పాలి. ప్రాణం పోయినా చెప్పలేడు.

"మెయిలూ లేదు, గియిలూ లేదు. తీసెయ్."

"తీసేస్తే, ఆ చిరునామాకి ఎవరైనా పంపినా వెనక్కి పోతుంది అంకుల్."

"పోనీ."

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెబ్‌సైట్ అమ్మాయి రెండు వరుసలు కొట్టి, ఒక బటన్ నొక్కి, అయిపోయిందంది. మేస్త్రి తనకి తను సర్ది చెప్పుకున్నాడు. రేపు ఫోను చేసి, చాటుగా, మళ్ళీ పెట్టించుకుంటే సరి. పదకొండు వారాలు రానిది ఈ రెండు రోజుల్లో వచ్చి కూర్చుంటుందా? ఆ అమ్మాయిని వీధి మలుపు దాకా సాగనంపి అక్కడే చెప్పొచ్చు. కానీ ఐదు నిమిషాల కింద పోనీ అన్నవాడు అప్పుడే మాట మారిస్తే, ఆ పిల్ల ముందు చులకనైపోడూ! మేస్త్రి గడప కూడా దాటలేదు.

శనివారం పొద్దుటికి సైటు వచ్చేసింది. డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. అక్క కూడా కంప్యూటర్ ముందు కూర్చుని, బెంచీ ఫొటో దగ్గర ఆగిపోయి, చాలాసేపు కదల్లేదు. ఆమె పక్కనుంటే ఫోను ఎలా చేస్తాడు? ఆదివారం చేస్తే వెబ్‌సైట్ అమ్మాయి ఎత్తలేదు. సోమవారం ఎత్తింది. ఏదో హడావిడిలో ఉంది.

"ఆ మెయిల్ లైను... ఉంటే ఉండనీ అమ్మా. ఎవరైనా డాక్టర్లు రాస్తారేమో."

"సరే అంకుల్, ఎక్కించేస్తా."

మంగళవారానికి అంతా సర్దుకుంది. మేస్త్రి డాక్టరమ్మ చేత ఒక మెయిల్ పంపించుకుని మరీ పరీక్ష చేసుకున్నాడు. ఠంచనుగా వచ్చింది. హమ్మయ్య అనుకుని, మళ్ళీ రోజూ పొద్దున్నే చూసుకోవడం మొదలుపెట్టాడు.

మూడు వారాల తర్వాత డాక్టరమ్మ వచ్చింది. సెట్టు పట్టుకుంది కానీ మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. అక్క బజారుకి వెళ్ళింది. డాక్టరమ్మ కూర్చోకుండానే అడిగేసింది.

"మీ అమ్మాయి రాసినది అలా తిప్పి పంపాల్సిన అవసరం ఏమొచ్చింది మేస్త్రిగారూ?"

"ఏం రాసింది?"

"ఆ ల్యాబులో మానేస్తానని చెప్పేసింది, మీ దగ్గరికి రావడానికి. వస్తున్నానని మీకు రాసిందట. అలాంటి చిరునామా ఇక్కడ లేదని తిరిగొచ్చిందట. వాళ్ళు ఆమె చోటులో ఇంకొకళ్ళని పెట్టేసుకున్నారు. ఆమె దూరంగా ఎక్కడో పని చూసుకుని వెళ్ళిపోయింది. నాతో ఇంకేమీ అనలేదు. 'మా నాన్నకి తిప్పి పంపడం అలవాటే డాక్టర్' అని మాత్రం నవ్వింది."

మేస్త్రి స్టూలు మీంచి లేచాడు. "ఎప్పుడు? ఎప్పుడు రాసింది?"

"మీ సైటు వచ్చిన రోజే. ఆ శనివారం."

మేస్త్రి బెంచీ పట్టుకుని నిలబడ్డాడు. శుక్రవారం మధ్యాహ్నానికీ సోమవారానికీ మధ్య. ఆ మూడు రోజుల్లోనే. డాక్టరమ్మని బతిమాలి కూతురి కొత్త నంబరు రాయించుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను ఎవరినైనా బతిమాలడం డాక్టరమ్మ చూడలేదు. ఇంకేమీ అనకుండా సెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరగకముందే మేస్త్రి ఫోను కలిపాడు.

"హలో."

ఏడేళ్ళ తర్వాత అదే గొంతు. కొంచెం బరువెక్కింది.

"నేను."

"తెలుసు నాన్నా. చెప్పు."

మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. "అది నేను చేసింది కాదే. పేరుని కొత్త సైటు వైపు తిప్పారు. పట్టీ మారింది. అందులో మెయిల్ లైను పోయింది. సోమవారానికే మళ్ళీ పెట్టించేశాను. కావాలంటే ఇప్పుడు రాసి చూడు, వస్తుంది. మిషన్ల గొడవ తల్లీ, అంతే. నీకు తెలియనిదా, ఇలాంటివి నువ్వే కదా..."

"నాకూ అలాగే అనిపించింది," అంది కూతురు. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని మేస్త్రికి అనిపించింది. "ఆ రోజు సైటు చూశాను. నా స్టూలు చూశాను. పదకొండు వారాలు నమ్మాలా వద్దా అని కొట్టుకుని, అది చూశాక నమ్మాను నాన్నా. ల్యాబులో మానేస్తానని చెప్పేసి, అప్పుడే రాశాను. నిమిషంలో తిరిగొచ్చింది. కొత్త సైటుకి మార్చినప్పుడు మెయిల్ ఆగిపోవడం మామూలే, అలాంటిదే అయి ఉంటుందిలే అనుకున్నా. సైటు కింద దాన్ని చేసినవాళ్ళ నంబరుంది. వెంటనే ఫోను చేసి అడిగాను."

మేస్త్రి బెంచీ మీది మైనం కత్తి తీసి పక్కన పెట్టాడు.

"పాపం ఆ అమ్మాయి ఉన్నదే చెప్పింది. 'మెయిల్ లైను ఉంది, ఉంచాలా అని అడిగానండీ, తీసెయ్యమన్నారు. పంపినవి వెనక్కి పోతాయని కూడా చెప్పాను, పోనీ అన్నారు' అంది. అన్నావా నాన్నా?"

అబద్ధమాడటానికి మేస్త్రికి ఒక క్షణం దొరికింది. ఎందుకో ఆ ఒక్కటీ చేయలేకపోయాడు.

"అన్నాను. మీ అత్త పక్కనే ఉంది. నీ ఊసు ఎత్తొద్దని దాని నోరు మూయించింది నేనే కదా. దాని ముందు నేనే మళ్ళీ... నోరు రాలేదు. తర్వాత పెట్టించుకుందాంలే అనుకున్నాను."

ఇవతల వీధి తలుపు తెరుచుకుంది. అక్క కూరల సంచీతో లోపలికి వచ్చి, తమ్ముడి మొహం చూసి, అక్కడే ఆగిపోయింది.

"అత్త ఎలా ఉంది?"

"ఉంది. ఇదిగో, ఇప్పుడే వచ్చింది."

"ఇప్పుడు నీ ఎదురుగానే ఉందా?"

"ఊఁ."

"అయితే ఇప్పుడు అను నాన్నా." ఆ గొంతు మొదటిసారి వణికింది. "అత్త వినేటట్టు అను. అమ్మాయీ, ఇంటికి రా అను. నేనిక్కడ చేరి నాలుగు రోజులే అయింది. ఇంకా పెట్టె కూడా విప్పలేదు. నువ్వు ఆ ఒక్క మాట అంటే రేపు బయల్దేరి వచ్చేస్తాను."

మూడు చిన్న మాటలు. ఫోను చెవికి అంటుకుని ఉంది. ఎదురుగా అక్క, అరవై నాలుగేళ్ళ మనిషి, సంచీ కింద పెట్టకుండా, కళ్ళార్పకుండా అతన్నే చూస్తోంది. అమ్మాయీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకే ఏడేళ్ళు వచ్చాయి, పగిలిన కంచం వచ్చింది, ఇన్నాళ్ళూ నువ్వు తప్పు చేశావురా అని ఈమె ఇక జీవితాంతం చూసే చూపు వచ్చింది. మేస్త్రి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నేను మళ్ళీ చేస్తాను," అన్నాడు, డాక్టర్లతో మాట్లాడే గొంతుతో.

"వద్దు నాన్నా. ఇంక చేయకు."

ఫోను పెట్టేసింది. మేస్త్రి మాత్రం ఇంకా చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు. ఊఁ, ఊఁ, సరే అన్నాడు, అవతల ఎవరో ఉన్నట్టు.

అక్క సంచీ నేలకి దించింది. ఆమె రెండడుగులు ముందుకి వేసింది. ఏడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో, మెల్లగా, తప్పు చేస్తున్న పిల్లలా అడిగింది.

"అదేనా? ఒరేయ్, అదేనా? బాగుందా అది?"

మేస్త్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"కాదు. డాక్టరమ్మ. ఏదో సెట్టు సరిగ్గా కూర్చోలేదట."

"నాన్నా అన్నట్టు వినపడితేనూ..."

"నీకు చెవుడు."

అక్క సంచీ వైపు వంగింది. "అవున్లే," అంది. సంచీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు వినిపించింది. ముందు సన్నగా, తర్వాత ఆపుకోలేనట్టుగా. మేస్త్రి బెంచీ దగ్గరికి వెళ్ళి కూర్చుని, మెరుగుపెట్టే మోటారు ఆన్ చేశాడు.